డెస్క్‌టాప్‌లో పాసైన జీడీబీ పరీక్ష, హోస్ట్ యంత్రం మారగానే ఫెయిల్ అవుతోంది

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం

అందరికీ నమస్కారం. మూడు రాత్రులుగా ఒకే చోట తిరుగుతున్నాను. తెలిసినవారు చూసి దారి చెబితే మేలు చేసినవారవుతారు. కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. ఇలాంటి ప్రశ్నలో సగం చెప్పి సగం వదిలేస్తే జవాబు చెప్పేవారికి పట్టు దొరకదు.

ముందు నా సంగతి. తొమ్మిదేళ్లు బెంగళూరులో కంపైలర్లనూ డీబగ్గర్లనూ పరీక్షించే పని చేశాను. అమ్మ ఆరోగ్యం బాగుండక రెండేళ్ల కిందట శ్రీకాకుళం వచ్చేశాను. ఇప్పుడు ఇంటి నుంచే ఉద్యోగం. చిన్న బోర్డుల మీద ప్రోగ్రాములు నడిపించే పని కాబట్టి, నడుస్తున్న ప్రోగ్రాములో తప్పు వెతికిపెట్టే డీబగ్గర్ జీడీబీ లేకుండా నాకు ఒక్క పూట గడవదు. బోర్డును సిద్ధం చేయడానికి మేము జీడీబీ ఆదేశాల ఫైళ్లు వాడతాం. ఒక ఫైలు లోపల సోర్స్ అనే ఆదేశం ఉంటుంది, అది మరో ఫైలును పిలుస్తుంది. లోపలి ఫైలులో మూడో వరుసలో తప్పు ఉందనుకోండి. అప్పుడు జీడీబీ మొదట బయటి ఫైలు పేరు, అందులోని వరుస సంఖ్య చూపించి, దాని కింద లోపలి ఫైలు పేరు, దాని వరుస సంఖ్య చూపిస్తుంది. ఆ రెండు వరుసల వల్ల నాకు ఎన్ని గంటలు మిగిలాయో లెక్క లేదు. అది ఏ మార్పులోనూ చెడిపోకూడదని, దానికొక పరీక్ష రాసి జీడీబీ వారికి పంపాలని నిశ్చయించుకున్నాను. ఇన్నేళ్లు తిండి పెట్టిన పనిముట్టుకు నా వంతుగా ఒక్కటైనా ఇవ్వాలని ఉంది.

ఇక యంత్రాలు. ముందు గదిలో డెస్క్‌టాప్ ఉంది, ఉబుంటు 22.04. మేడ మీద గదిలో పాత లాప్‌టాప్ ఉంది, ఉబుంటు 20.04. దాని పక్కనే రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు. మూడూ ఇంట్లోని వైఫైలోనే ఉన్నాయి. కరెంటు పోయినా పని ఆగకుండా మూడింటికీ ఇన్వర్టర్ లైను వేయించాను.

ఈ విషయం కొత్తగా చదివేవారి కోసం ఒక మాట. జీడీబీ పరీక్షల్లో మూడు యంత్రాల లెక్క ఉంటుంది. పరీక్షలను నడిపించే పనిముట్టు పేరు డెజాగ్ను, అది నడిచేది బిల్డ్ యంత్రం. జీడీబీ నడిచేది హోస్ట్ యంత్రం. జీడీబీ ఏ ప్రోగ్రామును పట్టుకుని చూస్తుందో అది నడిచేది టార్గెట్. చాలామందికి ఈ మూడూ ఒకే పెట్టె. నాకూ నిన్నమొన్నటి దాకా అంతే.

డెస్క్‌టాప్ ఒక్కదాని మీదే నడిపితే నా పరీక్ష పాస్. టార్గెట్‌గా రాస్‌ప్‌బెర్రీ పై బోర్డును పెట్టి, దాని మీద జీడీబీసర్వర్ (జీడీబీ తరఫున టార్గెట్‌లో ప్రోగ్రామును పట్టుకునే సహాయకుడు) నడిపి చూశాను. అదీ పాస్. హోస్ట్‌గా లాప్‌టాప్‌ను పెట్టగానే కథ మారింది.

మొదటి అడ్డంకి సులభంగానే తేలింది. డెస్క్‌టాప్‌లో కట్టిన జీడీబీని అలాగే లాప్‌టాప్‌కు కాపీ చేశాను. అది లేవనే లేదు, ప్రోగ్రాములు ఆధారపడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీ 2.34 దొరకలేదని మొరాయించింది. 22.04లో ఉన్నది గ్లిబ్‌సీ 2.35, 20.04లో ఉన్నది 2.31. కొత్తదాని మీద కట్టినది పాతదాని మీద నడవదు. పైథాన్ సంగతీ అంతే, ఇక్కడ 3.10, అక్కడ 3.8. అందుకని లాప్‌టాప్ మీదే జీడీబీని మళ్లీ కట్టాను. అక్కడికి అది లేచి కూర్చుంది.

తర్వాత వచ్చినదే నా అసలు బాధ. లాప్‌టాప్ హోస్ట్‌గా ఉన్నప్పుడు నా పరీక్ష మొదటి అడుగులోనే ఫెయిల్. లాగ్ ఫైలు తెరిచి చూస్తే, సోర్స్ ఆదేశం వెళ్లింది, దాని వెనకే పూర్తి దారితో సహా నా ఫైలు పేరు ఉంది, కింద 'అలాంటి ఫైలు గానీ డైరెక్టరీ గానీ లేదు' అన్న జవాబు ఉంది. ఆ దారిని అక్షరం అక్షరం సరిచూశాను. అదే ఖాతా పేరు, అదే బిల్డ్ డైరెక్టరీ, అదే ఫైలు. డెస్క్‌టాప్ టెర్మినల్‌లో ఆ దారినే అతికించి తెరిస్తే చక్కగా తెరుచుకుంటోంది.

పరీక్షలోనే తప్పుందేమోనని నిన్న రాత్రి ఒక పని చేశాను. లాప్‌టాప్‌లో కూడా అదే పేర్లతో డైరెక్టరీలు సృష్టించి, రెండు ఆదేశాల ఫైళ్లనూ చేతితో అక్కడికి కాపీ చేశాను. రెండు యంత్రాల్లోనూ నా ఖాతా పేరు ఒకటే కాబట్టి దారి కూడా ఒకటే అయింది. అప్పుడు పాస్! అంటే నా పరీక్ష తర్కం సరిగానే ఉంది. మరి డెజాగ్ను ఆ ఫైళ్లను తనంతట తాను ఎందుకు పంపడం లేదు? నేను పెట్టవలసిన సెట్టింగు ఏదైనా మరిచిపోయానా? యంత్రం వివరాలను డెజాగ్నుకు చెప్పే బోర్డు ఫైలులో హోస్ట్ చిరునామా, వాడుకరి పేరు, దూరపు యంత్రంలోకి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్, ఫైళ్లు పంపే ఎస్‌సీపీ వివరాలు ఇచ్చాను. పాస్‌వర్డ్ అడగకుండా తాళం చెవులు కూడా పెట్టాను.

---

గంటస్తంభం, విజయనగరం

నమస్తే అండీ. నేను ఈ పనికి కొత్తే, ఏడాదిన్నరగా చేస్తున్నాను. నాకు తగిలిన రెండు దెబ్బలు చెబుతాను, మీకు వర్తిస్తాయేమో చూడండి.

ఒకటి, లాప్‌టాప్‌లో షెల్ మొదలయ్యేటప్పుడు ఏదైనా పలకరింపు అచ్చవుతోందా? నా యంత్రంలో బ్యాష్‌ఆర్‌సీ ఫైలు చివర తేదీ, డిస్కులో ఎంత ఖాళీ ఉందో చూపించే రెండు వరుసలు పెట్టుకున్నాను. మనిషికి అది బాగానే ఉంటుంది. ఎస్‌సీపీకి మాత్రం అది అర్థం కాని చెత్త, ఫైళ్ల బదిలీ మధ్యలోనే తెగిపోయేది. ఆ రెండు వరుసలు తీసేసే దాకా కారణం తెలియలేదు.

రెండోది గడువు. డెజాగ్ను తరఫున జీడీబీ జవాబులు చదివే ఎక్స్‌పెక్ట్, జవాబు కోసం కొంతసేపే ఎదురుచూస్తుంది. మేడ మీదికి వైఫై నెమ్మదిగా వస్తుంటే ఆ గడువు దాటిపోవచ్చు. బోర్డు ఫైలులో జీడీబీ పరీక్ష గడువు పెంచే వీలుంది.

ఇంకొకటి చేసి చూడండి. లాప్‌టాప్‌ను పక్కన పెట్టి, హోస్ట్‌గా మళ్లీ మీ డెస్క్‌టాప్‌నే ఇవ్వండి, కానీ ఎస్ఎస్‌హెచ్ ద్వారా. అంటే డెస్క్‌టాప్ తనలోకి తానే లాగిన్ అవుతుంది. అప్పుడు వైఫై దోషమా, దూరపు హోస్ట్ అన్న పద్ధతిలోనే దోషమా అన్నది తేలిపోతుంది.

---

నాగావళి ఒడ్డు

ధన్యవాదాలు. షెల్ నిశ్శబ్దంగానే ఉంది. గడువు విషయం కాదు, ఎందుకంటే 'ఫైలు లేదు' అన్న జవాబు వెంటనే వస్తోంది, ఎక్కడా ఆగడం లేదు.

మీరు చెప్పినట్టు డెస్క్‌టాప్ నుంచి డెస్క్‌టాప్‌కే ఎస్ఎస్‌హెచ్‌తో నడిపాను. పాస్ అయింది. కాబట్టి దూరపు హోస్ట్ పద్ధతి పనిచేస్తోందనే అనుకోవాలి. లాప్‌టాప్‌తో మాత్రం ఫెయిల్. ఇది చూశాక ఇంకా అయోమయంగా ఉంది. మధ్యాహ్నం వానకు కరెంటు పోయి వైఫై పెట్టె ఒక్కటి ఆగిపోయింది, దాని లైను ఇన్వర్టర్‌కు కలపలేదని అప్పుడే తెలిసింది. అది కలిపించి మళ్లీ మొదటి నుంచి నడిపాను. ఫలితంలో తేడా లేదు.

---

బొబ్బిలి మాస్టారు

అమ్మా, మీ సెట్టింగులు అన్నీ సరిగానే ఉన్నాయి. తప్పు పరీక్షలోనే ఉంది. ఇది చాలామంది చేసేదే, నేను కూడా ఒకప్పుడు చేసి నేర్చుకున్నదే, కాబట్టి నిదానంగా చెబుతాను.

మీ పరీక్ష ఫైలు టీసీఎల్ భాషలో ఉంది. అందులో ఫైలు తెరిచి, రాసి, మూసే వరుసలు ఉంటాయి కదా. ఆ వరుసలను నడిపేది ఎవరు? రన్‌టెస్ట్, అంటే డెజాగ్నును నడిపే ఆదేశం. అది ఎక్కడ ఉంది? మీ ముందు గదిలో. అంటే ఆదేశాల ఫైలు డెస్క్‌టాప్ డిస్కు మీద పుట్టింది. సోర్స్ ఆదేశాన్ని అందుకునేది ఎవరు? జీడీబీ. అది మేడ మీద ఉంది. ఉత్తరం రాసి మన ఇంటి అలమరలో పెట్టి, అరసవల్లిలో ఉన్న బంధువుకు ఫోను చేసి 'అలమరలో రెండో అరలో ఉంది, తీసి చదువుకో' అంటే ఆయన తన అలమర తెరిచి చూస్తాడు. అక్కడ ఉత్తరం ఉండదు. మీ లాగ్ చెబుతున్నది అదే.

డెజాగ్ను ఆ ఫైలును తనంతట తాను ఎందుకు పంపలేదని అడిగారు. దానికి తెలియదు కాబట్టి. మీరు జీడీబీకి పంపిన ఆదేశం డెజాగ్ను దృష్టిలో ఒట్టి అక్షరాల వరుస. అందులో ఒక ముక్క ఫైలు పేరు అని అది ఊహించదు. ఊహించకూడదు కూడా, టార్గెట్ మీది దారి కావచ్చు, కావాలని ఇచ్చిన లేని దారి కావచ్చు. కంపైల్ చేయవలసిన ప్రోగ్రాం అయితే సంగతి వేరు. కంపైలర్ నడిచేది హోస్ట్ మీదే కాబట్టి సోర్సు ఫైళ్లను డెజాగ్ను తానే అక్కడికి పంపి, తయారైనదాన్ని వెనక్కి తెచ్చుకుంటుంది. అందుకే మామూలు పరీక్షలు రాసేవారికి ఈ చిక్కు ఎదురు కాదు. మీరు సొంతంగా ఫైలు పుట్టించారు కాబట్టి దాన్ని చేరవేసే బాధ్యత కూడా మీదే.

పరిష్కారం చిన్నది. జీడీబీ పరీక్షల లైబ్రరీలో జీడీబీ_రిమోట్_డౌన్‌లోడ్ అనే ప్రొసీజర్ ఉంది. హోస్ట్ అని, ఫైలు పేరు అని ఇస్తే అది ఫైలును అక్కడికి పంపి, అక్కడ ఆ ఫైలుకు ఉన్న పేరును తిరిగి ఇస్తుంది. ఆ తిరిగి వచ్చిన పేరునే మీరు సోర్స్ ఆదేశంలో వాడాలి, మీ దగ్గరున్న పేరును కాదు. హోస్ట్ దగ్గరిదే అయితే ఆ ప్రొసీజర్ తగిన దారినే ఇస్తుంది, కాబట్టి రెండు సందర్భాలకూ విడిగా రాయనక్కరలేదు. దీనితో మరో లాభం ఉంది. పరీక్ష ముగిశాక అది పంపిన ఫైలును హోస్ట్ మీద తుడిచేస్తుంది. డెజాగ్నులో రిమోట్_డౌన్‌లోడ్ అని మరొకటి ఉంది, అది పంపుతుంది కానీ తుడవదు.

పేరు చూసి మోసపోకండి. డౌన్‌లోడ్ అంటే మనం తెచ్చుకోవడం అనుకుంటాం. ఇక్కడ డౌన్‌లోడ్ అంటే బిల్డ్ యంత్రం నుంచి అవతలికి పంపడం.

ఇక డెస్క్‌టాప్ నుంచి డెస్క్‌టాప్‌కు ఎస్ఎస్‌హెచ్‌తో నడిపితే ఎందుకు పాసైందన్నది. గంటస్తంభం తమ్ముడు మంచి ఉద్దేశంతోనే చెప్పాడు గానీ ఆ ప్రయోగం సగమే. లాగిన్ దూరం నుంచి జరిగినా డిస్కు అదే, ఖాతా అదే. అలమర ఒకటే అయినప్పుడు ఉత్తరం దొరక్క ఏమవుతుంది? రెండు యంత్రాల మధ్య ఒకే డైరెక్టరీని ఎన్ఎఫ్ఎస్‌తో పంచుకున్నా ఇంతే, తప్పు మీద దుప్పటి కప్పినట్టవుతుంది.

రెండో యంత్రం లేనివాళ్లు కూడా దీన్ని పట్టుకునే ఉపాయం ఒకటి ఉంది. అదే యంత్రంలో కొత్తగా మరో వాడుకరి ఖాతా తెరవండి. మీ హోమ్ డైరెక్టరీ అనుమతులు 700కు మార్చండి, అంటే మీరు తప్ప మరెవరూ లోపలికి చూడలేరు. జీడీబీని అందరికీ అందే చోట ఇన్‌స్టాల్ చేసి, దాని దారిని పరీక్షకు చెప్పండి. ఇప్పుడు హోస్ట్ ఖాతాగా ఆ కొత్త వాడుకరిని ఇవ్వండి. ఒకే పెట్టెలో రెండు ఇళ్లు, మధ్యలో గోడ. జీడీబీ మూలంలోనే బోర్డ్స్ అన్న డైరెక్టరీలో ఇందుకు తయారుగా లోకల్-రిమోట్-హోస్ట్ అన్న బోర్డు ఫైలు ఉంది. అనుమతులు మార్చడం మరిచిపోవద్దు. ఉబుంటు 21.04 నుంచి కొత్త ఖాతాల ఇళ్లు ఇతరులకు మూసే ఉంటున్నాయి గానీ, మీ 20.04 లాంటి పాతవాటిలో చదవడానికి అందరికీ తెరిచే ఉంటాయి. తాత్కాలిక ఫైళ్ల డైరెక్టరీ మాత్రం ఎప్పుడూ ఉమ్మడి వీధే, పరీక్షలో దాని జోలికి వెళ్లకండి.

హోస్ట్ దూరంగా ఉంటే నడవకుండా తప్పుకునే పరీక్షలు జీడీబీలో చాలానే ఉన్నాయి, మీరూ ఒక్క వరుసతో అలా తప్పుకోవచ్చు. నా మాట వింటే ఆ పని చేయకండి. మీరు పరీక్షించేది ఫైలు పేర్లు, వరుస సంఖ్యలు. యంత్రాలు వేరైన చోటే అది నిజంగా నిలబడాలి.

డెజాగ్ను పుట్టింది సిగ్నస్ అనే సంస్థలో. వాళ్ల పనే ఒక యంత్రం మీద కట్టి, మరో యంత్రం మీద నడిపి, ఎక్కడో ఉన్న బోర్డును పరీక్షించడం. అందుకే బిల్డ్, హోస్ట్, టార్గెట్ అన్న విభజన దాని ఎముకల్లోనే ఉంది. ఇప్పుడు అందరి చేతిలో ఒకే లాప్‌టాప్ ఉండేసరికి ఆ విభజన కంటికి కనబడడం లేదు.

---

నాగావళి ఒడ్డు

మాస్టారూ, మీ అలమర మాట చదవగానే లేచి మేడ మీదికి వెళ్లాను. నిజంగానే ఆ లాగ్‌లోని దారిలో నా ఖాతా పేరే ఉండడంతో, అది ఏ యంత్రంలోని దారి అన్న అనుమానమే నాకు రాలేదు.

పరీక్షను మార్చాను. బయటి ఫైలును జీడీబీ_రిమోట్_డౌన్‌లోడ్‌తో పంపి, తిరిగి వచ్చిన పేరును సోర్స్ ఆదేశంలో పెట్టాను. రావలసిన సందేశంలో కూడా ఆ పేరునే పెట్టాను. లాప్‌టాప్ హోస్ట్‌గా నడిపితే పాస్. డెస్క్‌టాప్ మీద మామూలుగా నడిపితే పాస్. మీకు ఎంతో రుణపడి ఉన్నాను. రాత్రికి ప్యాచ్ పంపేస్తాను.

---

గంటస్తంభం

ఆగండి, పంపే ముందు ఒక్క మాట. మీ మొదటి ప్రశ్నలో లాప్‌టాప్‌లో డైరెక్టరీలు సృష్టించి రెండు ఫైళ్లూ చేతితో కాపీ చేశానన్నారు. అవి ఇంకా అక్కడే ఉన్నాయా? ఇప్పుడు మీరు బయటి ఫైలును పంపుతున్నానని మాత్రమే రాశారు. లోపలి ఫైలు ఎలా వెళుతోంది?

---

నాగావళి ఒడ్డు

మీరు ఈ మాట అడగకపోయి ఉంటే తప్పు పరీక్షనే పంపేసేదాన్ని. చేతులు జోడించి ధన్యవాదాలు చెబుతున్నాను.

జరిగింది ఇది. మాస్టారు చెప్పినట్టు డెస్క్‌టాప్‌లో కొత్త వాడుకరి ఖాతా తెరిచి, నా హోమ్ డైరెక్టరీకి 700 పెట్టి నడిపాను. ఫెయిల్. ఈసారి బయటి ఫైలు దొరికింది, దానిలో రెండో వరుస దగ్గర దోషం అని వచ్చింది. దాని కింద లోపలి ఫైలు పూర్తి దారి. ఆ దారి నా హోమ్ డైరెక్టరీలోది, ఆ ఖాతాకు అందనిది. లోపలి ఫైలును నేను పంపనే లేదు. లాప్‌టాప్ మీద అది పాసవడానికి కారణం నేను మొన్న చేతితో పెట్టిన కాపీ. అదే దారి, అదే పేరు, అదే మూడో వరుసలో అదే తప్పు. జీడీబీ దాన్ని తెరిచి, రావలసిన సందేశాన్నే తు.చ. తప్పకుండా ఇచ్చింది. పాస్ అన్న మాట చూసి నేను సంతోషపడ్డాను.

సరే, లోపలి ఫైలును కూడా పంపుదామని ఆ ఒక్క వరుస చేర్చాను. మళ్లీ ఫెయిల్! ఈసారి కారణం కనిపెట్టడానికి నాకు అరగంట పట్టింది. రెండు ఫైళ్లూ హోస్ట్‌కు చేరాయి, ఆ ఖాతా డైరెక్టరీలో రెండూ పక్కపక్కనే కనబడుతున్నాయి. కానీ బయటి ఫైలును తెరిచి చదివితే, దాని రెండో వరుసలో సోర్స్ అన్న మాట పక్కన ఉన్నది లోపలి ఫైలు డెస్క్‌టాప్‌లో ఉన్నప్పటి దారి. ఫైలును పంపాను గానీ ఫైలులో రాసిన మాటను మార్చలేదు. ఉత్తరం అరసవల్లి చేరింది, ఉత్తరంలో మాత్రం ఇంకా మా అలమర అనే ఉంది.

అందుకని వరుస తిరగేశాను. ముందు లోపలి ఫైలును రాసి పంపడం. హోస్ట్ మీద దాని పేరు చేతికి వచ్చాక, ఆ పేరును బయటి ఫైలులో రాయడం. ఆ తర్వాత బయటి ఫైలును పంపడం. లోపలి నుంచి బయటికి రావాలి, బయటి నుంచి లోపలికి కాదు. ఇప్పుడు కొత్త ఖాతాలో పాస్. లాప్‌టాప్‌లో నేను సృష్టించిన డైరెక్టరీ మొత్తం తొలగించాక అక్కడా పాస్.

ఇంకో లోపం కూడా బయటపడింది. డెస్క్‌టాప్ ఫలితాల సారాంశాన్నీ లాప్‌టాప్ సారాంశాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చితే, ఫలితం ఒకటే అయినా పరీక్ష పేరు వేరుగా ఉంది. పేరు ఇవ్వకపోతే పంపిన ఆదేశమే పరీక్ష పేరు అవుతుంది కదా, అందులో ఫైలు దారి వచ్చి కూర్చుంది. సారాంశం అడుగున 'పరీక్ష పేర్లలో దారులు' అంటూ ఒక లెక్క కూడా చూపిస్తోంది, ఇన్నాళ్లూ దాన్ని చదవకుండానే దాటిపోయాను. ఇప్పుడు ప్రతి అడుగుకూ ఒక చిన్న పేరు ఇచ్చాను. ఆ లెక్క పోయింది.

---

బొబ్బిలి మాస్టారు

తమ్ముడూ, నాకన్నా జాగ్రత్తగా చదివావు. నేను ఆమె రెండో జవాబు చూసి పని అయిపోయిందనుకున్నాను. లోపలి ఫైలు దారి సంగతి నాకు కూడా తట్టలేదు.

అమ్మా, వీలైతే ఆ మూడు పనుల వరుస ఎందుకో పరీక్ష ఫైలులోనే రెండు వాక్యాల వ్యాఖ్యగా రాయండి. రేపు ఎవరో చదివి, ఇదేమిటి తలకిందులుగా ఉందని సర్దేస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

---

జీడిమామిడి, పలాస

ఆలస్యంగా చూశాను, క్షమించండి. నేను విండోస్ హోస్ట్ మీద జీడీబీని పరీక్షించే పనిలో నాలుగేళ్లుగా ఉన్నాను. రన్‌టెస్ట్ లినక్స్ యంత్రంలో, జీడీబీ విండోస్ యంత్రంలో. మీ పరీక్ష అక్కడ కూడా నిలబడాలంటే ఇంకో మెట్టు ఉంది.

మీ ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌లో జీడీబీకి ఒక టెర్మినల్ దొరుకుతోంది. విండోస్ హోస్ట్‌లో నాకు అది దొరకదు, ఇన్‌పుట్ ఒట్టి గొట్టం గుండా వస్తుంది. టెర్మినల్ లేదని తెలిస్తే జీడీబీ నడక మారిపోతుంది. టైపు చేసే వరుసను దిద్దుకోనిచ్చే రీడ్‌లైన్ ఆగిపోతుంది. అవునా కాదా అని అడిగే ప్రశ్నలకు మన జవాబు కోసం ఆగకుండా, ఇన్‌పుట్ టెర్మినల్ నుంచి రావడం లేదని చెప్పి, అవును అని తనకు తానే జవాబు వేసుకుంటుంది. ప్రశ్న కోసం ఎదురుచూస్తూ కూర్చున్న పరీక్ష, అప్పటికే జవాబు అయిపోయిందని తెలియక గడువు దాటేదాకా ఆగుతుంది. నేను ఒకసారి ఒక బ్రేక్‌పాయింట్లు తొలగించే పరీక్ష మీద రెండు రోజులు కూర్చున్నాను, చివరికి తేలింది ఇదే.

ఇది చూడడానికి విండోస్ అవసరం లేదు. మాస్టారు చెప్పిన బోర్డు ఫైలు పక్కనే నోటీటీ అన్న మాటతో ముగిసే మరొకటి ఉంటుంది. అది టెర్మినల్ ఇవ్వకుండా అదే పని చేస్తుంది. మీ కొత్త ఖాతాతోనే దాన్ని నడపండి. మీ పరీక్షలో ప్రశ్నలు లేవు కాబట్టి పాసవుతుందనే నా నమ్మకం. అయినా నడపండి.

ఇంకొక మాట. ఫలితాల్లో ఫెయిల్ సున్నా అని చూసి ఆగకండి. అన్‌సపోర్టెడ్, అన్‌టెస్టెడ్ అన్న లెక్కలు కూడా రెండు యంత్రాల మధ్య పోల్చండి. దూరపు హోస్ట్‌లో ఎన్నో పరీక్షలు చప్పుడు లేకుండా తప్పుకుంటాయి. పాస్‌ల సంఖ్య తగ్గి ఫెయిల్‌ల సంఖ్య పెరగకపోతే, ఏవో నడవలేదని అర్థం.

---

నాగావళి ఒడ్డు

పలాస వారికి ధన్యవాదాలు. నోటీటీ బోర్డుతో నడిపాను, పాస్. అన్‌సపోర్టెడ్ లెక్క కూడా పోల్చాను. నా పరీక్షలోని అడుగులన్నీ నాలుగు చోట్లా నడిచాయి: డెస్క్‌టాప్ మీద మామూలుగా, కొత్త ఖాతా హోస్ట్‌గా, అదే ఖాతా టెర్మినల్ లేకుండా, మేడ మీది లాప్‌టాప్ హోస్ట్‌గా. నాలుగు సారాంశాల్లోనూ పేర్లు, సంఖ్యలు ఒకటే.

ఒక చిన్న పొరపాటు కూడా దిద్దుకున్నాను. రావలసిన సందేశంలో ఫైలు పేరును నేరుగా పెట్టాను, ఆ పేరులో చుక్క ఉంది. ఎక్స్‌పెక్ట్ నమూనాలో చుక్క అంటే ఏ అక్షరమైనా సరే అని అర్థం, కాబట్టి నా పరీక్ష అవసరమైనదానికన్నా వదులుగా ఉంది. స్ట్రింగ్_టు_రీజెక్స్‌ప్ అన్న ప్రొసీజర్‌తో ఆ పేరును ఉన్నదున్నట్టు చదివేలా చేశాను.

మాస్టారు చెప్పిన వ్యాఖ్య రాశాను, మూడు వాక్యాలు అయింది. కొత్త ఖాతాను తీసేయకుండా అలాగే ఉంచుతున్నాను, నా హోమ్ డైరెక్టరీకి 700 కూడా అలాగే ఉంది. ఈ రాత్రి అమ్మ మందులు వేసుకుని పడుకున్నాక, రాస్‌ప్‌బెర్రీ పై బోర్డును టార్గెట్‌గా, లాప్‌టాప్‌ను హోస్ట్‌గా పెట్టి మూడు యంత్రాలతో ఒకసారి నడుపుతాను. అది కూడా పాసైతే పొద్దున్నే ప్యాచ్ పంపుతాను. ఫెయిలైతే లాగ్‌తో ఇక్కడికే వస్తాను.